నాలుగో పుల్ల

కిందటేడు నాకు ఈ లెక్క తెలీదు.
విత్తనాల కొట్లో దాలినాయుడు
గింజకింత అని చీటీ రాస్తే గుండె జారింది.
గింజలేని కాయకి గింజకే ఇంత ఖరీదా అని నవ్వి,
పుప్పొడి కోసం వెయ్యాల్సిన మొక్కలన్నీ
గట్టు వారన గుచ్చేశాను.
కంచెలా ఉంటాయిలే అనుకున్నాను.

భీమిలి గాలి తెలుసు కదా.
తొమ్మిదయ్యేసరికి సముద్రం లేచొచ్చి
పాదుల్ని తిరగేస్తుంది.
ఆ గాలికి ఎదురీది తేనెటీగ
ఎంత దూరమని మోస్తుంది?
గట్టు పక్క నాలుగు సాళ్ళలో కాయ నిలిచింది.
నడిమధ్యన
బొటనవేలంత పిందెలు పసుపెక్కి, ముడుచుకుని,
చీమల పాలయ్యాయి.

నిలిచిన కాయల్లోనూ ఓ తప్పు.
రెండు రకాలదీ ఒకే నలుపు, ఒకే గుండ్రం.
పూర్ణా మార్కెట్‌లో షావుకారు నా ఎదుటే కోశాడు.
ఎర్రటి కండలో వరసగా కూర్చుని
నన్నే చూస్తున్నాయి గింజలు.
"గింజల్లేవన్నావు కదేటి?"
ఆ ఒక్క మాట
వ్యాను మొత్తానికీ అంటుకుంది.

ఈ ఏడు చారలున్న రకం అడిగాను.
కోలగా ఉండాలి,
చీకట్లో తడిమినా ఇది వేరని తెలియాలి.
తీగ పీలగా ఉండాలి,
పక్కదాని ఎండ తినకూడదు.
పూలు ముందే రావాలి, ఆఖరి దాకా రావాలి.
దాలినాయుడు కళ్ళజోడు నుదుటి మీదకి తోసి
"మొక్కకా, పిల్లకి సంబంధానికా?" అన్నాడు.

ట్రేల్లో మొలకలు బద్ధకంగా లేచాయి.
గింజ టోపీ విడవని వాటికి
సన్యాసమ్మ సెల్‌ఫోన్ వెలుగులో
గోటి కొసతో టోపీలు తీసింది.
రెండు తలలు తెగాయి.
ఆ రాత్రి ఇంట్లో ఎవరూ వాటి ఖరీదు ఎత్తలేదు.

నాట్ల రోజు నూకరత్నం వచ్చింది,
ఒళ్ళో ఎర్రరంగు పూసిన వెదురు పుల్లలతో.
ధాన్యం కొలిచిన చెయ్యి. ఒకటి అనదు.
"లాభం.
రెండు.
మూడు.
పుల్ల."
మూడో మొక్కకీ తర్వాతి దానికీ నడుమ,
ఎడం పెంచకుండా, ఉన్న సందులోనే
ఆ సన్నపాటి దాన్ని ఇరికించింది.
పక్క సాలులో రెండు మొక్కలు జరిగి మొదలెట్టింది.
"పుల్లకెదురు పుల్లెందుకు,
కబుర్లు చెప్పుకోడానికేటి?"

సాయంత్రం లెక్కలో ఒక పుల్ల తక్కువ.
చేనంతా తిరిగాం, తిట్టుకున్నాం.
అది ఆమె కొప్పులోనే ఉంది.

పూత వేళకి పక్కన మామిడికి మందు కొట్టే రోజులు.
ఎర్రినాయుడి గుమ్మంలో నిలబడి
"పొద్దుగూకాక కొట్టు బాబూ, ఈగలు చస్తాయి" అన్నాను.
అతను పేపర్ లోంచి తలెత్తలేదు.
మూడు రోజుల తర్వాత
దీపాలు పెట్టే వేళకి
అతని స్ప్రేయర్ మోత వినబడింది.

మర్నాడు ఆరున్నరకి చేలో ఉన్నాను.
పుల్లల దగ్గర అప్పటికే చిన్న చిన్న పసుపు మూతులు.
ఒక ఆడపువ్వు పక్కన గొంతుక్కూర్చున్నాను.
దాని కింద గోళీకాయంత పిందె,
ఇంకా ఏమీ కాని పిందె.
ఒంటిపూట బతుకు దానిది.
మొదటి ఈగ దిగింది.
లాభం, అన్నాను, నాకు తెలీకుండానే.
రెండు. మూడు.
పద్దెనిమిది దాకా వచ్చి
గాలి లేవడంతో లెక్క తప్పింది.

కోతలకి నడిమధ్యన కూడా కాళ్ళకి కాయలే తగిలాయి.
నల్లవి వ్యానెక్కాయి.
చారలవి చెట్టునీడన కుప్పగా మిగిలాయి.
కూలి పైకం కొంగున కట్టుకుని నూకరత్నం
ఆ కుప్పలో ఓ కాయని వేలితో కొట్టి చూసింది.
"నాకిదియ్యి.
ఉమ్మడానికేటీ లేకపోతే
పుచ్చకాయ తిన్నట్టే ఉండదు."

గట్టు మీద కూర్చుని తిన్నది.
గింజలు ఒకటొకటే దూరంగా ఊసింది.
మూతి తుడుచుకుని లేస్తూ,
"వచ్చేడు పుల్లలకి తెల్లరంగెయ్యి.
ఈ ఎర్రమట్టిలో ఎరుపు
నా కంటికి ఆనట్లేదు."