టెంక

గిరింపేటలో హార్మోనియంలు బాగుచేసే సాల్మన్రాజు కాడికి
పాత జపాను గిటారొకటి వచ్చింది,
మెడ వంగి.

నడుమ గుండ్రటి బొక్క లేదు.
ఒక పక్కకి ఒరిగిన తోతాపురి టెంకలాగా
పొడుగ్గా ఒక తెరుపు.

"ఎలక కొరికిందా మామా?"
టీ తెచ్చిన అబ్బోడి నవ్వు.
"అందరిదాని మాదిరి రౌండుగా కోసిచ్చేయన్నా"
అన్నాడు తెచ్చినాయన.

సన్నరంపం తీసినాడు.
కోసేముందు ఎందుకో
అద్దం ముక్క లోపలికి దించి టార్చి కొట్టినాడు.

చదవరాని చీటీ.
ముప్పై నలభై ఏండ్ల చెక్క వాసన.
బద్ద మీద పెన్సిలు గీత,
పక్కనే, అది తప్పని గీసిన ఇంకో గీత.
తనూ అంతే,
మొదటిది చెరపడు.

సాయంత్రం, గుజ్జు ఫ్యాక్టరీ లారీల రొదలో
తీగ మీటి, చెవి ఒగ్గి,
చేతులు తుడుచుకున్నాడు.

"మెడకి నాన్నూరియ్యప్పా.
బొక్కకేమొద్దు.
దాన్ని నేను ముట్టలా."