పంతొమ్మిది శాతం

చార్జింగ్ పెట్టేచోట కాలిపోయింది.
తెర మూలన పంతొమ్మిది శాతం,
అంటే ముప్పావుగంట, అదీ దయతలిస్తే.
పొద్దున్నే దీన్ని స్టేషన్ సబ్‌వేలో
తెంగిజ్ బల్లమీద పెట్టాలి.
బయట త్బిలీసి మీద కురుస్తున్నది
వానా కాదు, మంచూ కాదు, ఆ మధ్యది.

లాండ్రీకి వేసేముందు కోటు జేబులు తడిమినట్టు
ఒక్కో ఫోల్డరూ తడుముతున్నాను.
ముందు ఆ ముప్పై ఒక్కమంది.
నా ఆఫీసు కుర్చీలో, కోటు విప్పకుండా కూర్చుని
భర్తల గురించి చెప్పిన ఆడవాళ్లు.
ఒకావిడ పన్ను విరిగిన తేదీ చెప్పి
"ఇది రాయకు" అంది.
రాశాను. కేసుకి కావాలి.
వాళ్లని బయటి డిస్కులోకి పంపి తాళం వేశాను.
తాళానికి పెట్టిన మాటని ఎక్కడా రాయకుండా
రెండుసార్లు గొణుక్కున్నాను.

పద్నాలుగు.

"పన్నులు 2016"లో పన్నులు లేవు.
ఏమున్నాయో తెలుసు, తెరవను.
తెరిస్తే చదువుతాను, చదివితే బ్యాటరీ అయిపోతుంది.
మూసింది మూసినట్టే ఎత్తి అవతల పెట్టాను,
నిద్రపోతున్న పిల్లని మంచం మార్చినట్టు.
ఆసుపత్రి రిపోర్టు.
అమ్మ వీడియో, తొమ్మిది సెకన్లు:
"తియ్యకే, జుట్టు దువ్వుకోలేదు."
అమ్మని కూడా.

చెరిపితే పోదట, బుట్టలోకెళ్లి కూర్చుంటుందట.
బుట్ట బోర్లించాను.
బ్రౌజరేమో నా బ్యాంకునీ, నా మందుల షాపునీ,
రాత్రి రెండింటికి నేనడిగిన ప్రశ్నల్నీ
నాలుక చివర పెట్టుకుని కూర్చుంది.
దాని నోరూ కడిగాను.

ఏడు శాతం దగ్గర గుర్తొచ్చింది పాస్‌వర్డ్.
పదకొండేళ్ల కిందట వదిలేసినవాడి పేరు,
చివర వాడు పుట్టిన ఏడు.
రోజూ పొద్దున్నే వాణ్ని పిలిస్తే గాని
నా తలుపు తెరుచుకోవడం లేదన్నమాట!
మార్చేశాను.
పక్కనే "అతిథి" అని ఒక ఖాళీ గది కట్టాను.
అతిథిని దేవుడు పంపుతాడంటారు మావాళ్లు.
ఈ అతిథికి మాత్రం బల్లా లేదు, వైనూ లేదు.
రెండు శాతం.
తెర నల్లబడితే అందులో నా మొహం.

"ముఖ్యమైనవేమైనా ఉన్నాయా?" అన్నాడు తెంగిజ్.
గుమ్మడికాయ దొంగలా భుజాలు తడుముకున్నాను.
"ఏమీ లేవు" అన్నాను, ప్రశ్న పూర్తికాకముందే.
మక్వాలా, చార్జింగ్ అని స్టిక్కర్ అతికించి
నా ముందే అడుగు మూత విప్పాడు.
కడుపు చించుకుంటే కాళ్లమీద పడ్డది
దుమ్ము, రొట్టె పొడి,
నా తెల్లవెంట్రుక ఒకటి.
దాన్ని దాచడం తోచలేదు నాకు.

నాలుగోరోజు తెచ్చుకుని
అతిథి గది తెరిచాను.
ఒక ఫోటో ఉంది, కెమెరా పనిచేస్తోందా అని తీసినది.
కింది నుంచి వెలుగు పడ్డ గడ్డం, సగం చెవి,
వెనక బల్లకింద, మడిచిన కోటుమీద పిల్లాడు.
పసుపు బూటు, ఒక కాలికే.
మైకు పరీక్ష, పదమూడు సెకన్లు:
"ఎర్తీ, ఓరీ, సామీ..."
ఆ తర్వాత మైకుతో కాదు:
"పడుకో. ఇవాళ కూడా ఇక్కడే."

రెండోసారి వినలేదు.
అబద్ధం, విన్నాను.
తర్వాత చెరిపి, బుట్ట బోర్లించాను,
ఆ ముప్పై ఒక్కమందికి చేసినంత శ్రద్ధగా.

వారం పోయాక సబ్‌వేలో ఆగి
మౌస్ ఒకటి కొన్నాను, ఇంట్లో ఉన్నా.
"మెషీను బాగుందా?" అన్నాడు.
బాగుందన్నాను,
బల్లకిందికి చూడకుండా ఉండటానికి
చిల్లర రెండుసార్లు లెక్కపెట్టుకుంటూ.