కాలిన రాగి

మార్చి ముప్పై ఒకటి.
దేవరకొండ మొత్తం ఎండకు వేగుతున్నది.
"సైదులూ, షట్టర్ సగం దించు" అన్న నేను.
పొద్దుగాల పదకొండుకు దుకాణం మూసుడేందని
వాడు నా మొఖం దిక్కు చూసిండు.
ఒక్క గంటరా. ఒక్క గంటే.

ఇది తొమ్మిదేండ్ల బాకీ.
ఒకపారి కూసోని యాడాదిని మర్లేసి చూసుకోవాలని
ప్రతి మార్చిల అనుకుంటనే ఉన్న.
మార్చిలనే బోర్లు ఎండుతయి,
నీళ్లందని మోటరు ఉత్తగ తిరిగి తిరిగి కాలుతది,
వరి పొట్ట మీదుంటది, రైతు నా గడప మీదుంటడు.
వాళ్ల కరువే నాకు సీజను.
ఈ మాట ఇంతవరకు ఎవ్వరితోని అనలే.

జీఎస్టీ రాసే పిలగానికి కవరు ఇచ్చి పంపిన:
వార్నిషు బిల్లులు, బేరింగుల బిల్లులు, కరెంటు బిల్లు.
వాని లెక్క వాడు చేస్తడు.
నాది మూలకున్న గోనె సంచుల లెక్క.

యాడాదిల విప్పిన తీగంత ఆడనే ఉన్నది,
నల్లగ, మాడిన వాసనతోని.
రేపు పాతసామాన్ల రజాక్ బాయి వస్తడు,
కాంట మీదేసి తీస్కపోతడు.
ఆయన జోకకముందే నేను జోకాలె.

తర్వాత పంచాది రావద్దని
సైదులు ఒక్కో కట్టకు చీటి కడతడు.
చందంపేట, అయిదు హెచ్‌పీ.
కొండమల్లేపల్లి రైసుమిల్లు, ఇంకా పైసలియ్యలే.
డిండి నారయ్య. మళ్ల డిండి నారయ్య.
నాలుగుసార్లు కాల్చుకొచ్చిండు ఈ యేడు,
నాలుగోసారి ఆటోల నుంచి మోటరు దించుకుంట నవ్విండు.
ఆ నవ్వుకు ఏం బిల్లు రాయాలో తెలువక
రెండొందలు తక్కువ తీసుకున్న.

అడుగున ఇంకో చీటి:
కేతావత్ దస్లి, అయిదు హెచ్‌పీ, ఆగస్టు.
యాదికొచ్చింది. చుట్టిచ్చిన మూడు దినాలకే మళ్ల తెచ్చింది.
"మీ తండల వోల్టేజీ తక్కువున్నదమ్మా, నేనేం జేద్దు" అన్న.
మళ్ల చుట్టిన. మళ్ల పైసలు తీసుకున్న.

ఎందుకో ఆ కట్ట విప్పిన.
కోసిన కొసల మీద వేళ్లు పోతుంటే
చూపు అక్కరలేదు, చుట్లు అవే లెక్కకొస్తయి.
నలభై రెండుండాలె.
ముప్పై ఎనిమిది.
దీపం కిందికి తెచ్చి మళ్ల లెక్కపెట్టిన.
ముప్పై ఎనిమిదే.

చిట్టీ కట్టమని ఫోనొచ్చిన దినం అది,
చెవికి భుజానికి నడుమ ఫోను ఇరికించి చుట్టిన.
తప్పు నాదని అప్పుడు తెలుసా?
తెలుసుకునేటంత సేపు లేకుండె.
తీరిక లేదనుకునుడు గూడ ఒక సుఖమే.

షట్టర్ కింద రెండు కాళ్లు ఆగినయి.
వంగి లోపలికొచ్చిండు నేనావత్ బిచ్యా,
భుజం మీద మోటరు.
"గంట ఆగు" అన్న.
"నేనాగుత, నారు ఆగుతదా అక్కా" అన్నడు, అయినా కూసున్నడు.
దస్లిది మీ తండనే గదా, ఎట్లున్నది అని అడిగిన.
"ఈ యాసంగి వరి బంద్ వెట్టింది, పెసర్లు ఏసింది.
మన తండల వోల్టేజీ మంచిగలేదు, మోటర్లు ఆగయి అని
అందరికీ చెప్తది. నువ్వే చెప్పినవట."

ఉద్దెర బుక్కు తీసిన.
ముందు పేజీలన్నీ నాకు రావాల్సినోళ్లు.
తిరగేసి, ఎనక అట్ట దిక్కు నుంచి మొదలువెట్టిన.
పెన్ను రెండుసార్లు గీకినంక గాని రాయలే:
దస్లికి నేను, అయిదువేల ఎనిమిదొందలు.
గంటల ఇంకా ఇరవై నిమిషాలు మిగిలినయి.
ఏం జేయాల్నో తెలువక
చాయ్ తెప్పించిన ముగ్గురికి.

సందెకు బిచ్యా మోటరు చుట్టవడితిని,
ఈసారి బయటికే లెక్కపెట్టుకుంట.
పక్కన కూసోని బిచ్యా గూడ
వాళ్ల భాషల గొణుక్కుంట లెక్కపెడుతుండు.
ముప్పై ఎనిమిది కాడ ఫోను మోగింది.
నా చెయ్యి ఆగింది.
"ముప్పై తొమ్మిది" అన్నడు బిచ్యా, తెలుగుల.