మైకు ముందు

తెల్లవారుజాము నాలుగు. మైనస్ ముప్పై రెండు.
కొండవాలు గుడారాలన్నీ ఒకేసారి పొయ్యిలు రాజేసుకున్నాయి.
పొగ పైకి పోదు ఇక్కడ,
చలి దాన్ని అరచేత్తో అదిమి పెడుతుంది.
ఉలాన్‌బాతర్ మూత పెట్టిన గిన్నె.

స్టేషన్లో రైళ్ల పేర్లు చదివే దుల్మాను నేను,
పందొమ్మిదేళ్లుగా.
"ప్రయాణికులకు మనవి" అనేలోగా
గొంతు ఒకసారి గరగరమంటుంది.
సైన్‌షాంద్ వెళ్లే ముసలాళ్లు
ఆ గరగరకే మూటలు ఎత్తుకుంటారట.
వింటే నవ్వొచ్చింది.
నవ్వితే దగ్గొచ్చింది.

ఛాతీలో పిల్లికూతలు.
నేనెప్పుడూ పిల్లిని పెంచలేదు.
ఉమ్మితే మంచు మీద
బూడిదరంగు బిళ్ళ, మధ్యలో మసి చుక్క.

డాక్టరమ్మ కఫాన్ని తిట్టలేదు.
"అది కావలికుక్క, దుల్మా.
లోపలికొచ్చిన మసిని కరుచుకుని కూర్చుంది.
కుక్కను కొట్టకు, దొంగను ఆపు.
నెత్తుటి చార కనిపిస్తే మాత్రం
ఏ రైలునైనా వదిలేసి నా దగ్గరికి రా."

దొంగ ఎవరో నాకు తెలుసు.
రోజూ నేనే పారతో ఎత్తి పోసి
అగ్గిపుల్ల గీసి పిలుస్తాను.
పిలవకపోతే
తెల్లారేసరికి నీళ్ల డబ్బాతో పాటు
నేనూ గడ్డకడతాను.

పక్క గుడారం సోద్నొం
గొర్రెతోక కొవ్వు తెచ్చి రొమ్ముకు రాయమన్నాడు.
కఫం కరిగిందో లేదో గానీ
మూడు రోజులు మైకు జిడ్డు జిడ్డుగా ఉంది.

చివరికి మిగిలినవి చిన్న పనులే:
తలకింద ఇంకో దిండు,
ఉప్పునీళ్ల పుక్కిలింత,
చాత్సర్గాన పళ్లు, ఆ పుల్లటి నారింజరంగు పూసలు,
నలిపి కలుపుకున్న వేడినీళ్లు గుటకగుటకగా.
ఇంకా, ఆవిరి.
గిన్నెను బల్ల మీదికి దించి
తల మీంచి తువాలు కప్పుకుంటే
గుడారంలో మరో గుడారం,
ఒక్క మనిషికి సరిపోయేది.
ఆ నీళ్లు కాచింది కూడా
ఆ పొయ్యే.
దాన్ని ఏమని తిట్టను?

ఇవాళ
గరగర లేదు.
గొంతు కడిగిన గాజుగ్లాసు.
"ప్రయాణికులకు మనవి, సైన్‌షాంద్ బండి
రెండో ప్లాట్‌ఫారం మీద..."
కిటికీలోంచి చూశాను.
ముసలాళ్లు కదల్లేదు,
మూటల మీదే కూర్చుని
ఇంకెవరిదో గొంతు అనుకుంటున్నారు.

రైలు కూత వేసింది.
మైకు మళ్లీ నొక్కి,
పనిగట్టుకుని,
గట్టిగా ఒకసారి
దగ్గాను.