ఇరవై నిమిషాలు ఓపిక పట్టండి

గ్రిమ్స్‌బీ లైబ్రరీలో మెట్ల కింద
డీవీడీల అర ఒకటుంది.
పై వరసలో పేలుళ్ళు, పెళ్ళిళ్ళు, గెలిచినవాళ్ళు.
కింది వరస చూడాలంటే మోకాళ్ళ మీద కూర్చోవాలి.
నేను కూర్చుంటాను, ప్రతి శనివారం,
చేపల ఫ్యాక్టరీ వాసన ఇంకా చేతుల్ని వదలకముందే.

అక్కడో రూలుంది, బెరిల్ చెప్పింది.
రెండేళ్ళు ఎవరూ తీసుకోకపోతే
అట్టపెట్టెలో వేసి పంపించేస్తారు.
ఎక్కడికని అడిగాను.
ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంది.

అప్పట్నించీ వంతులవారీగా ఇంటికి తెస్తున్నాను.
నా కార్డు మీద నాలుగు,
ఫణీంద్ర కార్డు మీద నాలుగు,
పిల్లాడి కార్డు మీద, వాడికి తెలీకుండా, ఇంకో రెండు.
పాలఖాతా రాసినట్టు నోటుబుక్కులో తారీకులు.
కొన్ని మళ్ళీ చూస్తాను. కొన్ని చూడను కూడా,
నిప్పు ఆరిపోకుండా ఓసారి ఊది వదిలేసినట్టు
టీవీ పక్కన వారం ఉంచి తిరిగిచ్చేస్తాను.

మీకు చెప్పాలని ఉంది.
కథ మాత్రం అడగొద్దు,
కథగా చెబితే ఏమీ మిగలదు వాటిలో.

ఒకదానిలో ముసలాయన
రైళ్ళు మానేసిన స్టేషన్లో
రోజూ గోడగడియారానికి కీ ఇస్తాడు. అంతే.
గంటా నలభై నిమిషాలు.
కానీ ఒకచోట, కీ తిప్పుతున్న చెయ్యి ఆగుతుంది.
ఎందుకాగిందో తీసినవాళ్ళు చెప్పలేదు.
పదకొండేళ్ళుగా ఆలోచిస్తున్నాను.

ఇంకొకటి మనదే.
అట్ట మీద తమిళమని రాశారు, పోనివ్వండి.
విడుదలైన నాలుగో రోజునే
దాని పోస్టరు మీద ఇంకో పోస్టరు అంటించేశారట.
ఇద్దరు తోడికోడళ్ళు, ఒకటే కుట్టుమిషను,
మాటల్లేవు ఇద్దరి మధ్యా.
ఇవాళ ఎవరు తొక్కుతున్నారో
పక్కగదిలోంచి వచ్చే చప్పుణ్ణి బట్టే
మనకి తెలిసిపోతూ ఉంటుంది, పోనుపోను.
హీరో లేడు. ఉన్నాడేమో, ఫ్రేములోకి రాలేదు.

మూడోది, నిజం చెప్పాలంటే, బాగుండదు.
అయినా వంటింట్లో ఏడు నిమిషాల సీనొకటుంది,
దానికోసం మిగతా రెండు గంటల్నీ
చుట్టాల్ని క్షమించినట్టు క్షమించొచ్చు.

లంచ్ టైములో డారెన్‌కి చెప్పాను.
ఫైటింగులున్నాయా అన్నాడు.
ఫోన్లో వెయ్యి ఉన్నాయి కదా, అన్నాడు ఫణీంద్ర.
ఉన్నాయి.
నిన్న నేనేం తిన్నానో గుర్తుపెట్టుకుని
వద్దంటున్నా అదే కూర మళ్ళీ వడ్డిస్తుంది ఆ ఫోను.
అడవి గాచిన వెన్నెలే నీ గోలంతా, అంది హైమ.
అడవిలో కూడా ఎవరో నడుస్తుంటారు కదే, అన్నాను.
అన్నానే గానీ, ఆ రాత్రి నిద్రపట్టలేదు.

అందుకని చీటీలు మొదలుపెట్టాను.
పాత బస్సు టికెట్ల వెనకాల,
నా వంకర ఇంగ్లీషు అక్షరాల్లో,
కేసు తెరిస్తే డిస్కు కింద కనబడేలా.
గడియారం సినిమాలో పెట్టింది ఇదీ:
'ఇరవై నిమిషాలు ఓపిక పట్టండి.'
సంతకం చెయ్యలేదు.

మొన్న మార్చిలో దాని వంతు వచ్చింది.
వంగి చూస్తే అరలో వేలెడు ఖాళీ.
గుండె గతుక్కుమంది, అట్టపెట్టె గుర్తొచ్చి.
బెరిల్ కంప్యూటర్లో చూసి
'ఎవరో తీసుకెళ్ళారమ్మా' అంది,
పురిటి కబురు చెప్పినంత మెల్లగా.

మూడు వారాలకి తిరిగొచ్చింది.
చీటీ అక్కడే ఉంది.
నా అక్షరాల కింద పెన్సిల్‌తో,
నాకంటే వంకర చేతిరాత:
'నలభై పట్టింది.
ఆ చెయ్యి ఎందుకాగింది?'

నేల మీదే కూలబడ్డాను కాసేపు.
ఎవరో పిల్లవాడు నన్ను దాటుకుని
పై వరసలోంచి పేలుడొకటి తీసుకెళ్ళాడు.
ఆ టికెట్టు మీద ఇంక చోటు లేదు.
బ్యాగులో చెయ్యి పెట్టి
ఇవాళ్టి టికెట్టు వెతికాను.