తలుపు ఫొటో

పగలు ఫహాహీల్‌లో ప్రింటింగ్ షాపు.
షవర్మా మెనూలు, సెలూన్ బోర్డులు,
'బెడ్ స్పేస్ అద్దెకు' కాగితాలు.
అరబ్బీ కుడినుంచి వస్తుంది, తెలుగు ఎడమనుంచి,
మధ్యలో ఫోన్ నంబరు ఇద్దరికీ చుట్టం.

రాత్రి సంఘం పేజీ.
జీతం లేదు. గంగిరెడ్డి సారు పంపే చాయ్ ఉంది,
చాయ్‌తోపాటు ఆయన రాసి పంపే వాక్యం ఉంది:
"ఎడారి ఇసుకలో కన్నీటి చెమ్మై ఇంకిపోతున్న
అభాగ్య సోదరీమణులకు మా ఆపన్నహస్తం..."

సారూ, ఆపన్నహస్తానికి వాట్సాప్ ఉందా?
రాత్రి రెండింటికి చేస్తే ఎత్తుతుందా?

మూడు రోజులు నాతో మాట్లాడలేదాయన.
నేను చెరుపుతూ కూర్చున్నాను.
'అభాగ్య' పోయింది. 'సోదరీమణులు' పోయారు.
ఎడారి కూడా పోయింది.
మన వాళ్ళెవరూ ఎడారిలో లేరు,
మూడో అంతస్తు వంటింట్లో ఉన్నారు,
ఇస్త్రీ బల్ల కింద పడుకుంటున్నారు.
చివరికి మిగిలింది ఇంతే:

పాస్‌పోర్టు మీ దగ్గర లేకపోయినా రావచ్చు.

ఈ ఒక్క ముక్కకి పదకొండు రాత్రులు పట్టింది.

చదివే మనిషి ఎక్కడ నిలబడి చదువుతుందో తెలిశాక
అక్షరం దానంతటదే పొట్టిదవుతుంది.
ఆమె బాత్రూంలో ఉంది. కొళాయి విప్పి పెట్టింది.
స్క్రీన్ వెలుగు చివరంటా తగ్గించింది.
అద్దం మీద ఒక పగులు, పైనుంచి కిందికి.
పిల్లాడి ఆటకి పోగా మిగిలిన వైఫై.
కాబట్టి కదిలే బొమ్మలు తీసేశాను,
సంఘం లోగో తీసేశాను,
అధ్యక్షులవారి సందేశం కిందికి, ఇంకా కిందికి.
నంబరు మాత్రం పైన,
వేలు తగిలితే చాలు మోగేంత పెద్దగా.

చదువు రాని వాళ్ళకి గొంతు పెట్టాం.
'అక్కా, భయపడొద్దు' అని మొదలుపెట్టాను.
రికార్డు చేయడానికి కూర్చున్న దస్తగిరమ్మ
కాగితం పక్కన పెట్టేసింది:
"భయపడొద్దంటే ఇంకా భయమైతాది నాయనా.
యాడికి రావాల్నో చెప్పు ముందు."

ఆమె వచ్చి అప్పటికి నెల.
ఒక చేతిసంచి, ఒక కాలికే చెప్పు.
గంగిరెడ్డి సారు ఆమె ముఖం పెడదామన్నాడు.
కళ్ళు బాగా పడ్డాయి, జనం కరుగుతారన్నాడు.
నిజమే, కరుగుతారు.
క్రితం సారి పెట్టిన ముఖానికి
పద్నాలుగు వందల ఎర్ర గుండెలు వచ్చాయి.
మెట్లెక్కి ఎవరూ రాలేదు.

"నా మొగం ఎందుకప్పా," అంది దస్తగిరమ్మ.
"ఈ వీధిలో మూడుసార్లు తిరిగినా ఆ రాత్రి.
మ్యాపులో ఎర్ర చుక్క ఉండాది,
బజార్లో ఎర్ర చుక్క యాడుండాది?
ఆ తలుపు ఫొటో పెట్టు."

ఆమే తీసింది. రాత్రిపూటే తీసింది,
వచ్చేది రాత్రే కాబట్టి.
మంగఫ్ వెనక సందు, లాండ్రీ పక్కన
పచ్చ తలుపు, దాని ముందు నీలం గ్యాస్ సిలిండర్,
పైన మినుకుమినుకుమనే ట్యూబ్‌లైట్.
ఫొటో ఒక పక్కకి ఒరిగింది.
మూల ఆమె వేలి నీడ.
ఇరవై ఏళ్ళుగా అంచులు సరిచేసి బతుకుతున్న నా చెయ్యి
మౌస్ మీదికి పోయింది, ఆగింది.
అలాగే పెట్టాను.

పంతొమ్మిది లైకులు.
అందులో ఒకటి గంగిరెడ్డి సారుది. అదీ ఆలస్యంగా.

శుక్రవారం, తెల్లవారుజాము నమాజు పిలుపుకి ముందు
కిటికీలోంచి చూశాను.
కింద ఒక మనిషి. చేతిలో ఫోన్.
ఫోన్ కేసి చూస్తుంది, తలుపు కేసి చూస్తుంది,
మళ్ళీ ఫోన్ కేసి. వెనక్కి తిరుగుతోంది.

ఎందుకో తట్టేసరికి నేను సగం మెట్లు దిగిపోయాను.
లాండ్రీ రఫీకుల్ నిన్న సిలిండర్ మార్చాడు.
ఇప్పుడు అక్కడున్నది ఎరుపు.

ఆమె అన్నం తింటుంటే కొత్త ఫొటో పెట్టాను.
అప్పటినుంచీ గ్యాస్ అయిపోయినప్పుడల్లా
రఫీకుల్ ముందు నాకు మెసేజ్ పెడతాడు.