సూరిబాబు అని పిలిస్తే ప్రింటర్ పలికింది

పర్లాకిమిడిలో పొద్దున్న పదకొండు.
జీడిపిక్కల సహకార సంఘం మేడ మీద
ఏడు కంప్యూటర్లు.
ఏడూ బతికే ఉన్నాయి.
మాటల్లేని తోడికోడళ్ళలా
ఒకదాన్నొకటి ఎరగనట్టు కూర్చున్నాయి.

"నిన్న సాయంత్రం దాకా అందరూ కనబడ్డారు బాబూ"
అంటారు కుముదినీ పాఢి మేడం,
ఒడియాలో ఎత్తుకుని తెలుగులో దించే మాటతో.
ఇవాళ తెర మీద
ఆవిడ యంత్రం పేరొక్కటే ఉంది,
సెలవురోజు గుమ్మం ముందు ఒంటరి చెప్పులజతలా.

నేను నేల మీదికి దిగుతాను.
నా ఉద్యోగమంతా బల్లల కిందే.
ఎలక రుచి చూసి వదిలేసిన తీగ,
ఎవరో దాచుకున్న ఖైనీ పొట్లం,
గోడమూల పెట్టెలో పచ్చదీపాల మిణుకు.
తీగలో తప్పు లేదు.

నల్లతెర తెరిచి అంకెలతో తలుపు తడతాను.
నూట తొంభై రెండు, నూట అరవై ఎనిమిది,
ఒకటి, పన్నెండు.
ఆఁ అంది, కనురెప్ప వాలేలోపు.
పేరు పెట్టి పిలిచాను.
ఉలుకు లేదు, పలుకు లేదు.

అంకె తెలుసు, పేరు తెలీదు.
దీన్ని జబ్బనడానికి నాకు నోరు రాదు.
మా నాన్న పెట్టిన పేరు వైకుంఠం.
బళ్ళో ఒడియా పంతులుగారి నోట
వకారం బకారమై బైకుంఠ.
గేటు దాటి పాతపట్నం పోతే
కార్డు కొట్టిన కుర్రాడు చివరి సున్నా మింగేశాడు.
ముగ్గురమూ ఒకడేనని చెప్పుకోడానికి
బరంపురం బస్సు రెండుసార్లు ఎక్కాను.

సరే, పని.
రాత్రి అప్‌డేట్ ఏదో వచ్చి
పక్కబల్లవాణ్ణి కూడా పరాయివాడిగా చూడమని
చెవిలో ఊది పోయింది. అది సర్దాను.
పైగా మూడు యంత్రాలు తమ గుంపు పర్లాకిమిడి అంటాయి,
నాలుగు పారళాఖేముండి అంటాయి.
ఒకటి శ్రీకాకుళం చెయ్యి, ఒకటి భువనేశ్వర్ చెయ్యి.
మహేంద్రతనయలో నీళ్ళు అవే,
యంత్రానికి మాత్రం అక్షరం మారితే ఊరు మారిపోతుంది.

"ఏది ఉంచమంటారు?"
గదిలో పంకా ఒక్కటే మాట్లాడింది.
కొండమీది సవర గూడెం నుంచి వచ్చిన
సెక్రటరీ గమాంగో గారు కళ్ళజోడు తుడుచుకుంటూ
"మా అమ్మ రెండూ అనదయ్యా.
కొండ దిగితే సంత. అంతే. అది కొట్టు" అన్నారు.
ఏడుసార్లు సంత అని కొట్టాను.
ఆరు కనబడ్డాయి.

ఏడోది పెద్ద ఖాతాల యంత్రం, పేరు సూరిబాబు.
పిలిస్తే జవాబొచ్చింది.
తెరిస్తే ప్రింటర్!
ఎన్నిసార్లు సూరిబాబూ అన్నా
మూల నుంచి ప్రింటరే గుర్రుమంటుంది.

పేర్ల చిట్టా తవ్వాను.
ఎవరో చేత్తో రాసిన ఒక్క వరస:
సూరిబాబు, ఇరవై ఒకటి.
ఆ అంకె ఇంట్లో ఇప్పుడు ప్రింటర్ కాపురం.
పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట:
"ఇది తీసేస్తే నేను కనబడను."

పాఢి మేడం నా భుజం మీదుగా చదివారు.
కింతలి సూరిబాబు, అకౌంటెంటు.
రెండు వానల కిందట
తూకం రసీదులు ఎండబెడుతూ ఇదే మేడ మీద కూలిపోయారట.
యంత్రం మార్చారు, అంకె మార్చారు,
పేరు మార్చే పని ఎవరూ పెట్టుకోలేదు.

చెరిపేయడమే పద్ధతి.
వేలు ఆ మీట మీదే ఉంది.
మేడం ఏమీ అనలేదు, టీ గ్లాసు అటు జరిపారంతే.
ఇరవై ఒకటి కొట్టేసి పద్నాలుగు వేశాను.
ఆ మాట జోలికి పోలేదు.
ఆరు బల్లల దగ్గరా అదే చేశాను, నడుం విరిగింది.

ఏడూ కనబడ్డాయి.
వోచరు రాస్తూ మేడం "బైకుంఠే కదా?" అన్నారు.
అవునన్నాను.
కింద వైకుంఠం అని సంతకం పెట్టాను.
ఆవిడ రెండూ చూసి
డబ్బు లెక్కపెట్టి ఇచ్చారు.